ధర్మాబాద్ మిర్చి యార్డు నుంచి ఖోడద్ టెలిస్కోపుల దాకా

ఫిబ్రవరి 26, ధర్మాబాద్

నిజామాబాద్ నుంచి వచ్చి గోదావరి వంతెన, ఆ వెంటనే బాసర దాటితే కాసేపటికే మహారాష్ట్ర బోర్డు కనిపిస్తుంది. అక్కడి నుంచి ధర్మాబాద్ ఎంతో దూరం లేదు. నాందేడ్ జిల్లా ఊరే అయినా బజారులో సగం బేరాలు తెలుగులో నడుస్తాయి. ఫిబ్రవరి అంటే మిర్చి సీజన్. యార్డు ముందు నుంచి వెళ్తుంటే కారు అద్దాలు ఎక్కించినా ఘాటు ఆగలేదు.

అక్కను ఇచ్చింది ఈ ఊళ్లోనే. బావది మిర్చి కమీషన్ వ్యాపారం. పెద్దమ్మాయి మరాఠీ మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల సైన్స్ పుస్తకంలో టెలిస్కోపుల పాఠం ఉంది, అందులో పుణె జిల్లా నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ గురించి రాశారు. జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ అన్నమాట, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టేది. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30 ఉంటాయని చదివినప్పటి నుంచి చూడాలని పట్టు పట్టింది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి అక్కడ జనాన్ని లోపలికి రానిచ్చి అన్నీ చూపిస్తారు. అందుకే ఈ తేదీలు పెట్టుకున్నాం.

అక్క తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు చేసింది. వాటిలోకి పచ్చిమిర్చి ఠేచా, పల్లీల పొడి, గట్టి పెరుగు. చివరి నిమిషంలో బావ వాళ్లమ్మ కూడా చీర మార్చుకుని వచ్చి కారులో కూర్చుంది. "గంత దూరం పోతున్రు, నాగనాథుడు దారిల్నే గదా, నేనూ వస్త" అంది. అత్తమ్మ రావడం మా యాత్రకు జరిగిన పెద్ద మేలు. అక్కడ ఆమె అడిగినన్ని మంచి ప్రశ్నలు మాలో ఇంకెవరూ అడగలేదు.

అదే రోజు, నాందేడ్ - ఔంఢా

నాందేడ్‌లో సచ్‌ఖండ్ గురుద్వారాలో ఆగాం. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన చోటు ఇదే. లంగర్‌లో నేల మీద వరుసలో కూర్చున్నాం. పప్పు, రొట్టె, ఖీర్ వడ్డించారు. రొట్టెకు రెండు చేతులూ చాపి అందుకోవాలి, ఒక్క చేయి చాపితే వడ్డించేవాళ్లు ఓపికగా నిలబడి రెండో చేయి కూడా వచ్చేదాకా చూస్తారు. మా పక్కన కూర్చున్న ముసలాయన బిలోలి వైపు రైతు. మేము మాట్లాడుకునేది విని తెలుగులోనే "యాడికి పోతున్రు" అని పలకరించాడు. ఔంఢా అనగానే "దేవుని కాడికా, గా కొత్త మెషిన్ కాడికా?" అన్నాడు. రెండింటికీ అని చెప్పాం.

ఔంఢా నాగనాథ్ హింగోలి జిల్లాలో ఉంది. జ్యోతిర్లింగ క్షేత్రం కాబట్టి నాందేడ్, నిజామాబాద్ తెలుగువాళ్లకు కొత్త ఊరేం కాదు. గుడి బయటి రాతి చెక్కడం చూడటానికే ఒక పూట కావాలి. నంది గుడి వెనక ఉంటుంది. నామదేవుడిని ముందు నుంచి లేపి వెనక్కి పంపితే ఆయన అక్కడే కూర్చుని కీర్తన అందుకున్నాడని, గుడి ఆయన వైపు తిరిగిందని చెప్పుకుంటారు. అత్తమ్మకు ఈ కథ పూర్తిగా వచ్చు. పిల్లలకు ఆమే చెప్పింది.

బిలోలి రైతు అన్న కొత్త మెషిన్ పేరు లైగో-ఇండియా. గురుత్వ తరంగాలను, అంటే బరువైన వస్తువుల కదలికకు ఖాళీ స్థలంలోనే పుట్టే అలలను పట్టే అబ్జర్వేటరీ. 2016 ఫిబ్రవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయలతో పూర్తి అనుమతి ఇచ్చింది. లోపలికి వెళ్లే వీలు లేదు, రోడ్డు పక్క నుంచే చూశాం. ఎండిన గడ్డి, ఎక్కడో ఒక వేపచెట్టు, చదునైన నేల. ఈ నేల మీద ఒక్కోటి 4 కిలోమీటర్ల పొడవుతో రెండు గొట్టాలు ఎల్ ఆకారంలో వస్తాయి. వాటిలోంచి గాలి తీసేసి లేజర్ కాంతి పంపుతారు. ఎక్కడో రెండు బ్లాక్‌హోల్స్ ఢీకొంటే పుట్టే అల ఇక్కడి నుంచి పోయినప్పుడు ఒక గొట్టం పొడవు ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కంటే తక్కువ మారుతుంది. ఆ మార్పును కొలుస్తారు. ఇలాంటి అలను మొదటిసారి 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని రెండు లైగోలు పట్టాయి. మూడోది ఇక్కడ, మన నాందేడ్ జిల్లా పక్కనే వస్తోంది.

నేల అదురు తక్కువగా ఉండాలి, పెద్ద ఫ్యాక్టరీలు, రద్దీ రోడ్లు దగ్గర ఉండకూడదు. ఇన్నాళ్లూ వెనకబడ్డ ప్రాంతం అని లెక్కగట్టిన చోటు ఆ నిశ్శబ్దం వల్లే ఈ పనికి అక్కరకొచ్చింది. నాకు మాత్రం ఒక భయం ఉంది. ఇంత పెద్ద పని మన గడప ముందు జరుగుతుంటే మన పిల్లలు కంచె బయట టీ అమ్మడానికే మిగలకూడదు. పెద్దమ్మాయితో దారి పొడుగునా ఇదే మాట్లాడాను.

ఫిబ్రవరి 27, అహల్యానగర్ - నారాయణగావ్

జాల్నా, సంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) మీదుగా వచ్చి పొద్దున అహల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) నుంచి బయల్దేరాం. ఆళేఫాటా దాకా కళ్యాణ్ రోడ్డు. మొదట రాళ్ల నేల, తర్వాత నీటి ఆనవాళ్లు, ఆ తర్వాత చెరకు, ద్రాక్ష, టమాటా. నారాయణగావ్ టమాటా మార్కెట్‌కు పేరున్న ఊరు. రోడ్డు పక్కన ద్రాక్ష కిలో డెబ్బై చెప్పాడు. అత్తమ్మ మరాఠీలో బేరమాడి యాభై ఐదుకు దించింది, పైగా ఒక గుత్తి ఊరికే పెట్టించుకుంది.

మధ్యాహ్నం మాసవడి తిన్నాం. జున్నర్ వైపు ప్రత్యేకం. శనగపిండిని ఉడికించి గుడ్డ మీద పలచగా పరుస్తారు. దాని మీద కొబ్బరి, నువ్వులు, వెల్లుల్లి, మసాలా చల్లి చాపలా చుట్టి ముక్కలు కోస్తారు. పక్కన ఎర్రటి రస్సా, సజ్జరొట్టె. తాలీ నూట అరవై. పేరులో చేప (మరాఠీలో మాసా) ఉన్నట్టుంటుంది కానీ పూర్తిగా శాకాహారమే. రస్సా ఘాటు గురించి వడ్డించే అమ్మాయి ముందే హెచ్చరించింది. ధర్మాబాద్ అని చెప్పాక ఇంకో గరిటె పోసింది.

సాయంత్రం దూరం నుంచైనా ఒక డిష్ చూద్దామని బయల్దేరాం. ఫోన్‌లో మ్యాప్ చూపించిన దారి రెండు పొలాల మధ్య ఎడ్లబండి బాటలోకి తీసుకెళ్లి అక్కడే ఆగిపోయింది. రెండు వైపులా మనిషెత్తు చెరకు. ఆ చెరకు మీదుగా, ఇంకో పొలంలో, తెల్లటి పెద్ద గిన్నె ఆకాశంకేసి నిలబడి ఉంది. అది బయటి డిష్‌లలో ఒకటి. ఇవన్నీ ఒకే కాంపౌండ్‌లో ఉంటాయని నేననుకున్నాను. మధ్యలో ఒక చదరపు కిలోమీటరులో 14 ఉంటే, మిగతా 16 వై అక్షరంలా మూడు చేతులుగా పొలాల్లోకి, ఊళ్లలోకి పరుచుకున్నాయి. ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 25 కిలోమీటర్లు.

మోటారు కట్టేసి వస్తున్న రైతు మమ్మల్ని చూసి "ఇక్కడ దిగొద్దు" అన్నాడు. చెరకులో చిరుతలు పిల్లల్ని పెడతాయి. జున్నర్ తాలూకాలో ఇది రోజువారీ సంగతి, చిరుతల కోసం మాణిక్‌డోహ్‌లో సంరక్షణ కేంద్రమే ఉంది. బండి తిప్పుకోవడానికి ఆయన తన గట్టు మీద ఉన్న పైపులు కూడా పక్కకు జరిపాడు. తర్వాత ఇంటికి తీసుకెళ్లి టీ పోశారు. ఆయన చిన్నప్పుడు ఈ డిష్‌లు కట్టడం చూశాడట. రాత్రి పూట ఏదైనా తీగ దగ్గర స్పార్క్ వస్తుంటే టెలిస్కోప్ వాళ్లు వెతుక్కుంటూ వస్తారని చెప్పాడు. కరెంటు తీగల దగ్గర నిప్పురవ్వలు, చెడిపోయిన టీవీ బూస్టర్లు, సెల్‌ఫోన్ సిగ్నళ్లు, ఇవన్నీ రేడియో తరంగాలు పుట్టిస్తాయి. ఆకాశం నుంచి వచ్చేది వాటి ముందు లెక్కలోకి రానంత బలహీనం. నేను ఆయన మాట చాలాసేపు తలచుకున్నాను. ఈ శాస్త్రం కోసం చుట్టుపక్కల ఊళ్లు కూడా కొంత సర్దుకుంటున్నాయి. పుణె-నాసిక్ హైస్పీడ్ రైలు మార్గాన్ని కూడా ఈ టెలిస్కోప్‌కు ఇబ్బంది కాకుండా వేరే వైపు తిప్పాలని నిర్ణయించారు. వేల మంది రోజూ ఎక్కబోయే రైలు అది. అయినా అది సరైన నిర్ణయమే అంటాను. రైలుకు ఇంకో దారి దొరుకుతుంది. ఇలా కొండలు చుట్టూ అడ్డు నిలిచిన, రేడియో సద్దు తక్కువగా ఉన్న చోటు దొరకదు.

ఫిబ్రవరి 28, ఖోడద్

పొద్దున్నే మిసళ్ తిని వెళ్లాం. అప్పటికే బడి పిల్లల బస్సులు వరుస కట్టి ఉన్నాయి. గేటు దగ్గర ఫోన్లు ఆపేయమన్నారు. లోపల పిల్లలు చేసిన సైన్స్ నమూనాలు, పోస్టర్లు, చెవులు గింగురుమనేంత గోల. పెద్దమ్మాయి మా చేయి వదిలేసి వెళ్లి కనిపించిన ప్రతి బల్ల దగ్గరా నిలబడింది.

ఒక డిష్ కింద నిలబడి పైకి చూస్తేనే ఆ ఇనుప పని అర్థమవుతుంది. మామూలు డిష్‌లా లోహపు రేకు లేదు. ఆకాశం కనిపిస్తుంది, మేఘం కనిపిస్తుంది. సన్నటి స్టీలు తీగల జాలీ అంతే. తీగ మందం 0.55 మిల్లీమీటర్లు. మధ్యలో జాలీ కన్ను 10 మిల్లీమీటర్లు, అంచుల వైపు 20 దాకా. ఆ జాలీని స్టీలు తాళ్లతో లాగి బిగించి గిన్నె వంపు తెచ్చారు. దీనికి స్మార్ట్ అని పేరు పెట్టుకున్నారు. తాళ్ల చట్రానికి కట్టి సాగదీసిన జాలీ అని అర్థం. గాలి దూరి పోతుంది కాబట్టి తోపు పడదు, కాబట్టి కింది ఇనుము బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద డిష్‌లు కట్టగలగడానికి కారణం అదే.

అత్తమ్మ పైకి చూసి అడిగింది: "గాలి పోతది, వాన పోతది, మరి గా రేడియో పోదా?" అక్కడ వివరిస్తున్న అబ్బాయి మరాఠీలో మొదలుపెట్టాడు, పెద్దమ్మాయి అత్తమ్మకు తెలుగులో చెబుతూ వచ్చింది. ఇక్కడికి వచ్చే అలల పొడవు 20 సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్ల పైదాకా ఉంటుంది. కన్ను ఒకటి రెండు సెంటీమీటర్లే. అల దానిలోంచి పోవడం కుదరదు, జాలీకి తగిలి తిరిగి పైకి మళ్లుతుంది. అత్తమ్మ వెంటనే "మన కారం జల్లెడే గదా, పొడి దిగుతది, తునకలు మీదనే ఉంటయి" అంది. అబ్బాయికి దాన్ని మరాఠీలో చెబితే తన తర్వాతి గుంపుకు అదే చెప్పాడు.

ఆమె తర్వాతి ప్రశ్న "పగలు కూడ పనిచేస్తదా?" చేస్తుంది. ఎండలోనూ, మబ్బు పట్టినా పనిచేస్తుంది. కంటితో చూసే టెలిస్కోపుకు రాత్రి కావాలి, దీనికి అక్కర్లేదు.

ఇంత పెద్ద పని వెనక ఉన్న మనిషి గోవింద్ స్వరూప్. 1929లో ఉత్తరప్రదేశ్‌లోని ఠాకూర్‌ద్వారాలో పుట్టాడు, 2020 సెప్టెంబర్‌లో పోయాడు. ఆస్ట్రేలియాలో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో పనిచేశాడు. 1961లో ఆయన, ఎం.ఆర్. కుందు, టి.కె. మీనన్, టి. కృష్ణన్ కలిసి దేశంలోని సంస్థలకు ఉత్తరాలు రాశారు. మేం తిరిగి వస్తాం, రేడియో ఖగోళశాస్త్రం మొదలుపెడదాం అని. హోమీ భాభా 1962 జనవరిలో రమ్మని టెలిగ్రాం ఇచ్చాడు. స్వరూప్ వచ్చేశాడు. మొదటి పని 1965లో కళ్యాణ్‌లో. ఆస్ట్రేలియా వాళ్లు ఇచ్చేసిన ఆరడుగుల చిన్న డిష్‌లు 32 వరుసగా పెట్టి సూర్యుడిని చూశారు. 1970లో ఊటీలో 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో టెలిస్కోప్ కట్టారు. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఊటీ అక్షాంశం 11 డిగ్రీలు. సరిగ్గా 11 డిగ్రీల వాలున్న కొండను వెతికి దాని మీద ఉత్తర-దక్షిణంగా పెట్టారు. దాంతో టెలిస్కోప్ పొడవు భూమి అక్షానికి సమాంతరం అయ్యింది. ఒక్క అక్షం మీద తిప్పితే చాలు, నక్షత్రం వెంట గంటల తరబడి పోవచ్చు. ఖరీదైన యంత్రాలు చేసే పనిని కొండ చేసిపెట్టింది.

1984 నాటికి ఆయన ఇంకా పెద్దది తలపెట్టాడు. 1990లలో ఖోడద్‌లో కట్టారు, 2002 నుంచి ప్రపంచంలో ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని వాడుకునే వీలుంది. టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎన్‌సీఆర్ఏ (నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్) దీన్ని నడుపుతుంది. ఆ తర్వాత గ్రాహకాలు (రిసీవర్లు) మార్చి 120 నుంచి 1450 మెగాహెర్ట్జ్ వరకు దాదాపు ఎడతెగకుండా వినేలా చేశారు.

30 డిష్‌లూ విడివిడిగా కాదు, ఒకటిగా చూస్తాయి. ప్రతి డిష్ సిగ్నల్ ఆప్టికల్ ఫైబర్‌లో మధ్య భవనానికి వస్తుంది, అక్కడ జతలు జతలుగా కలుపుతారు. ఎన్ని జతలని వివరించే అబ్బాయి పిల్లల్ని అడిగాడు. పెద్దమ్మాయి చేతి మీద పెన్నుతో లెక్క వేసి 435 అంది. నాకు గొంతు పూడుకుపోయింది. బావ ఆమె వైపు కాకుండా వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఏం కనిపెట్టారని మా చిన్నోడు అడిగాడు. విశ్వంలో మూలకాలన్నిటిలోకి ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్. అది 21 సెంటీమీటర్ల పొడవున్న అలను వదులుతుంది. విశ్వం సాగుతోంది కాబట్టి దూరం నుంచి బయల్దేరిన అల వచ్చేసరికి అదీ సాగుతుంది. 2023 జనవరిలో ప్రకటించిన ఒక ఫలితంలో ఆ 21 సెంటీమీటర్ల అల 48 సెంటీమీటర్లయి ఈ జాలీకి తగిలింది. 880 కోట్ల ఏళ్ల కిందట ఒక గెలాక్సీలోంచి బయల్దేరింది. మధ్యలో ఇంకో గెలాక్సీ భూతద్దంలా వంచి పెద్దది చేయడం వల్ల దొరికింది. నక్షత్రాలు పుట్టడానికి ముడిసరుకు హైడ్రోజన్ వాయువు. అది అప్పుడు ఎంత ఉండేదో తెలిస్తే గెలాక్సీల పెరుగుదల తెలుస్తుంది.

ఇంకొకటి పిల్లలందరికీ నచ్చింది. 2016 అక్టోబర్ 19న యూరప్ వాళ్ల స్కియాపరెల్లి అనే నౌక అంగారకుడి మీద దిగుతుంటే, దాని చిన్న రేడియో పలుకును కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి ఖోడద్ విన్నది. దిగడానికి కొద్ది క్షణాల ముందు సిగ్నల్ ఆగిపోయింది. నౌక నేలకు కొట్టుకుని పగిలింది.

2023 జూన్‌లో వచ్చిన ఫలితం వింటున్నప్పుడు నాకు ఔంఢా గుర్తొచ్చింది. పల్సార్లు అనే నక్షత్రాలు గడియారంలా క్రమంగా మోగుతాయి. వాటి మోతలో ఏళ్ల తరబడి వచ్చే చిన్న తేడాలను కొలిస్తే మెల్లగా సాగే గురుత్వ తరంగాలు తెలుస్తాయి. యూరప్ టెలిస్కోపులతో కలిసి ఇక్కడి కొలతలతో వాటి ఆనవాళ్లు దొరికాయి. ఔంఢాలో కట్టేది సెకనులో పోయే తరంగాలు పడుతుంది, ఖోడద్ ఏళ్ల తరబడి సాగే వాటిని పడుతోంది. రెండూ మరాఠ్వాడా, జున్నర్ నేలల మీదే.

మార్చి 1, నానేఘాట్

జున్నర్‌లో శివనేరి కోట కింద టిఫిన్ తిని నానేఘాట్‌కు వెళ్లాం. కొంకణ్ నుంచి దక్కన్‌కు ఎక్కే పాత వ్యాపార దారి. కనుమ మొదట్లో సుంకం వేసేవారని చెప్పే పెద్ద రాతి తొట్టి ఉంది. కొండను తొలిచిన గుహలో శాతవాహన రాణి నాగానిక బ్రాహ్మీ శాసనం. ఆమె చేసిన యాగాలు, ఇచ్చిన దక్షిణలు అంకెలతో సహా చెక్కించింది. మన దేశంలో దొరికిన అతి పాత అంకెల్లో ఇవి కొన్ని. తెలంగాణలో శాతవాహనుల నాటి కోటిలింగాల, ధూళికట్టలు చూసిన మాకు ఆ పేర్లు పరాయివి కావు. గుహలో గాలి హోరు ఎక్కువ, మాట వినపడదు. పెద్దమ్మాయి అంకెలను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంది.

మార్చి 3, ధర్మాబాద్

మరుసటి రోజంతా తిరుగు ప్రయాణమే. ఇంటికి చేరిన తెల్లారి యార్డులో మిర్చి ఏరే ఆడవాళ్లు అత్తమ్మ చుట్టూ చేరారు. ఆమె జల్లెడ సంగతి చెప్పింది, అంగారకుడి మీద పగిలిన బండి సంగతి చెప్పింది. ఒకామె అడిగింది: "గా ఔంఢ కాడ మా పోరనికి పని దొరుకుతదా?" వాళ్లబ్బాయి ఐటీఐ ఫిట్టర్ చదువుతున్నాడట. ఇలాంటి చోట వాక్యూమ్ పంపులు, వెల్డింగు, కరెంటు పని చేసేవాళ్లు శాస్త్రవేత్తలంత అవసరం. ప్రభుత్వ సంస్థలు టెక్నీషియన్ పోస్టులకు ప్రకటనలు ఇస్తాయని, ఐటీఐ మార్కుల మెమో జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పాను. ప్రకటన పడితే బావ ఆమెకు చెప్పేట్టు మాట కుదిరింది.

పెద్దమ్మాయి బడి హెడ్‌మాస్టరును బావ సాయంత్రం కలిశాడు. వచ్చే ఫిబ్రవరికి తొమ్మిదో తరగతి మొత్తాన్ని ఖోడద్ తీసుకెళ్తే ఎంత పడుతుందని లెక్క వేశారు. బస్సు, రెండు రాత్రులు ధర్మశాల, భోజనం కలిపి తలకు పద్నాలుగు వందలు. యార్డులో నలుగురు వ్యాపారులు బస్సు ఖర్చు పెట్టుకుంటామన్నారు. దాంతో పిల్లలు ఇవ్వాల్సింది ఆరు వందలకు దిగింది. ఆ ఆరు వందలు కూడా ఇవ్వలేని పిల్లల పేర్లు విడిగా రాసి పెట్టమని హెడ్‌మాస్టరుకు బావ చెప్పి వచ్చాడు.